పెళ్ళికూతుళ్ళకంటే ముందు కూర్చున్న మా వదిన

మా వదిన పోయిందన్న కబురు తెచ్చిన మనిషి వెంటనే ఆ మాట చెప్పలేదు. ఆయన ఆవిడ తమ్ముడే; పది రోజులుగా ఆవిడ పుట్టింట్లో వాళ్ళ దగ్గరే ఉంది. మంగళగిరిలో తొలి బండి ఎక్కి, స్టేషన్ నుంచి నడిచి వచ్చి, మా స్టూడియోకి ఎదురుగా ఉన్న అరుగు మీద నెత్తిన కండువా వేసుకుని కూర్చున్నాడు. లోపల నేను ఒక బారసాల పిల్లవాడికి ఫోటో తీస్తున్నాను. వాడు ఏడుపు మానడు, వాళ్ళమ్మమ్మ గిలక్కాయ ఆపదు. శుభమా అని పిల్లాణ్ణి తెచ్చుకున్నవాళ్ళ చెవిన చావు కబురు పడకూడదని ఆ మనిషి అంతసేపూ ఎండలోనే ఉన్నాడు. వాళ్ళు జట్కా ఎక్కి వెళ్ళాక గుమ్మం దగ్గరికి వచ్చి, "బావగారూ, అక్క తెల్లారగట్ల పోయిందండీ. జ్వరం తగ్గలేదు," అన్నాడు.

నేను కెమెరా మీద నల్లగుడ్డ కప్పి స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది. ఈమధ్య నాకు మంచి వార్త విన్నా, చెడ్డ వార్త విన్నా ముందు అలసటే వస్తోంది, ఆ తర్వాతే మిగతావి. ఇంట్లోకి వెళ్ళి మా ఆవిడతో చెప్పి, స్టూడియో తలుపులు వేసి, మంగళగిరి బండెక్కాం.

మా వదిన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడ తెలియదు. కానీ మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా ఇన్నేళ్ళలో పెళ్ళిచూపులకి పంపిన ఫోటోలు మీ ఇళ్ళలో ఉంటే, వాటి వెనక ఆవిడ ఉంది. ఎలాగో చెబుతాను.

బోర్డుల మీద ఇప్పుడు విజయవాడ అని మారుస్తున్నారు గానీ నా నోటికి బెజవాడే వస్తుంది. బెజవాడ గవర్నరుపేటలో మా అన్నయ్య స్టూడియో పెట్టాడు. పెట్టిన కొద్ది ఏళ్ళకే టైఫాయిడ్‌తో పోయాడు. నేను బియ్యం మిల్లులో గుమస్తాగిరీ మానేసి ఆ కెమెరా ముందు, అంటే కెమెరా వెనక, నిలబడాల్సి వచ్చింది. వదినని పుట్టింటివాళ్ళు తీసుకెళ్దామని వచ్చారు. "నేనొస్తే ఈ గాజులెవరు తుడుస్తారు?" అని ఆవిడ వాళ్ళకి భోజనం పెట్టి పంపేసింది.

గాజులంటే మా స్టూడియో కప్పు. ఉత్తరం వైపు వాలుగా గాజుపలకలు వేయించాడు అన్నయ్య. వెలుతురు అక్కణ్ణుంచే దిగాలి. స్టేషన్ దగ్గర కావడంతో రైలు మసంతా ఆ పలకల మీదే. వెదురుకర్ర చివర తడిగుడ్డ కట్టి ఆవిడ రోజూ తుడిచేది. ప్రింట్లు కడగడం, గుడ్డ మీద ఆరెయ్యడం, అంచులు కత్తిరించడం అన్నీ ఆవిడ పనులే. ఏ పని ఎవరు చేస్తున్నా ఆవిడ అడిగేది ఒకటే మాట, "అయిందా?" వంట దగ్గర మా ఆవిణ్ణీ అదే అడిగేది, చీకటిగదిలో నన్నూ అదే అడిగేది. యుద్ధం సంగతి పేపర్లో చదువుతుంటే కూడా తలుపు దగ్గర నిలబడి, "అయిందా?" అనేది. అప్పటికి ఇంకా అవలేదు.

జనం ఉండగా ఆవిడ రానిది ఫోటోలు తీసే ముందుగదిలోకి ఒక్కదానికే. ఫోటోకి వచ్చేవాళ్ళలో సగంమంది పెళ్ళిమాటల వాళ్ళు. బొట్టూ గాజులూ తీసేసిన మనిషి పెళ్ళి కావలసిన పిల్లకి ఎదురుపడకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మన ఇళ్ళల్లో ఎప్పుడుంది కనక? వీధిలో ఆడవాళ్ళ గొంతులు వినపడితే చాలు, చేతిలో పని అక్కడే వదిలి పెరటివైపు వెళ్ళిపోయేది.

యుద్ధం వచ్చాక ఫిల్ము దొరకడం మానేసింది. దొరికినా ఈ నెల ఒక రకం, వచ్చే నెల ఇంకో రకం. దేనికి ఎంత వెలుతురు కావాలో తెలిసేది కాదు. మునుపైతే ఒకటి పోతే ఇంకొకటి తీసేవాళ్ళం. ఇప్పుడు ఒక మనిషికి ఒక్కటే. డబ్బాలో వచ్చే కాగితం మీద ఎండకింత, మబ్బుకింత అని రాసి ఉండేది గానీ, అది రాసినవాడు మన రోహిణీకార్తె ఎండ చూసి ఉండడు. సరే, వెలుతురు కొలిచే మీటరు ఒకటి కొందామని మద్రాసులో ఒక ఏజెంటుకి రాశాను. ఆయన సంచిలో మూడు మీటర్లు పెట్టుకుని ఒక ఉదయం దిగాడు.

మీటరు కొనడం ఇంత పని అని నాకు తెలియదు. మొదటిది చిన్న గొట్టం. కన్ను ఆనించి చూస్తే లోపల అంకెలు వరసగా మసకబారుతూ కనిపిస్తాయి. కనపడినవాటిలో చివరి అంకె ఏదో అదే లెక్క. నేను చూస్తే ఒక అంకె, మా ఆవిడ చూస్తే ఇంకొకటి. వదిన తలుపు చాటునుంచి చెయ్యి చాపి తీసుకుని, పెరట్లోకి చూసి, మూడోది చెప్పింది.

"ముగ్గురం మూడు చెబితే తగువెవరు తీరుస్తారు? ఇచ్చెయ్యి అబ్బాయీ," అంది.

రెండోది పెద్దది. అరచేయంత ఉంది. వెలుతురు తగిలితే లోపల ముల్లు దానంతటదే కదులుతుంది. ఏజెంటు దాన్ని ఆకాశానికెత్తేశాడు. "దీన్ని ఒకచోట నిలబడి పట్టుకుంటే చాలండీ, ఎదురుగా ఉన్న మొత్తం వెలుతురు చెప్పేస్తుంది. కదలక్కర్లేదు," అన్నాడు. నేను అప్పటికే మనసులో కొనేశాను. కదలక్కర్లేదన్న మాట నాకు బాగా నచ్చింది. వదిన దాని మీద అరచెయ్యి మూసింది. వెలుతురు లేకపోతే ముల్లు సున్నా మీద పడుకోవాలి కదా. పడుకోలేదు. సగం దారిలో ఆగి వణుకుతోంది.

"నోరు మూసినా మాట్లాడేదాన్ని ఇంట్లో పెట్టుకోకు," అంది.

"అది మీ ఊరి తేమండీ, యంత్రం తప్పు కాదు," అన్నాడు ఏజెంటు.

"మేమూ ఈ తేమలోనే ఉంటాం కదండీ," అంది వదిన తలుపు వెనకనుంచే.

మూడోది పాతది. తోలుసంచీ గీసుకుపోయి ఉంది. ఏజెంటు దాన్ని మొహమాటంగా బయటికి తీశాడు. దీని నోరు సన్నం. దూరంనుంచి పట్టుకుంటే ఏమీ తేలదు, కొలవాల్సినదాని దగ్గరికి, జానెడు దూరానికి తీసుకెళ్ళాలి. అరచెయ్యి మూస్తే మాత్రం ముల్లు బుద్ధిగా సున్నా మీదికి వచ్చి పడుకుంది. పెరట్లో దండెం మీద ఆరేసిన తెల్లచీర దగ్గర పెడితే పైకి లేచింది, బొగ్గుల బస్తా దగ్గర కిందికి దిగింది. వదిన చాలాసేపు ఆడింది దాంతో. చివరికి, "ఇదీ తెల్లబట్ట చూస్తే మోసపోతుంది. మనుషుల్లాగే. కానీ దగ్గరికి వెళ్ళి అడిగితే నిజం చెబుతుంది," అంది. అదే కొన్నాం.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఆ సంగతి మాకిద్దరికీ ఆ పూట తట్టలేదు. నాలుగు రోజులకే తట్టింది.

మంగళగిరినుంచి ఒక బట్టల వర్తకుడు కూతుర్ని తీసుకొచ్చాడు. గుడివాడ సంబంధం. పిల్లవాడి తల్లి ముందు ఫోటో చూస్తానంది. పిల్ల చామనచాయ, మంచి కళ. వాళ్ళ సొంత మగ్గం మీద నేసిన, ఇంత జరీ అంచున్న తెల్లచీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను మీటరు తీసి ఒక అడుగు వేశానో లేదో, వాళ్ళతో వచ్చిన పిల్ల నాయనమ్మ దగ్గింది. పెళ్ళికాని పిల్ల మొహానికి జానెడు దూరంలో పరాయి మగవాడు చెయ్యి పెడతాడా? పైగా ఆ డబ్బా ఆయుష్షు పీలుస్తుందేమోనని ఆవిడ అనుమానం. పోనీ పిల్ల తల్లి చేతికిచ్చాను. ఆ మహాతల్లి దాన్ని హారతిపళ్ళెంలా పిల్ల మొహం చుట్టూ మూడుసార్లు తిప్పి నాకిచ్చేసింది. చేసేది లేక దూరంనుంచే పట్టుకున్నాను. ముల్లు చీర చూసి వెలుతురు బోలెడుందని చెప్పింది. అది చెప్పినట్టే తీశాను.

చీర నేతలో పోగు పోగూ కనిపించింది. పిల్ల మాత్రం బొగ్గులా వచ్చింది.

తండ్రి ఆ ఫోటో పట్టుకుని వచ్చాడు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "మా అమ్మాయి ఇంత నలుపా అండీ?" అని మెల్లగా అడిగాడు. పెన్సిలుతో తెల్లగా దిద్దుతానన్నాను. అందరూ చేసే పనే. ఆయన తల అడ్డంగా తిప్పాడు. "రేపు వాళ్ళొచ్చి పిల్లని చూస్తారు కదండీ. మోసం చేశారంటారు. పోయినేడు ఒక సంబంధం అలాగే తప్పిపోయింది. ఉన్నది ఉన్నట్టు తీయండి చాలు. ఈ నెల దాటితే మూఢం, వాళ్ళు ఆగరు." మళ్ళీ తీయడానికి నా దగ్గర ఉన్నది ఒక్క ఫిల్మే.

ఆ సాయంత్రం వదిన దీపం చిమ్నీ తుడుస్తూ అంది: "ఆ పిల్లా నేనూ ఒకే చాయ. వాళ్ళు రాకముందు నేను కూర్చుంటాను, నా మొహం మీద చూసుకో. తర్వాత లోపలికి పోతాను."

మా ఆవిడ పచ్చగా ఉంటుంది, ఆవిడ మొహం మీద లెక్క వేరు. పోనీ నా చేతి మీద చూసుకుందామంటే అది మందునీళ్ళల్లో నాని రంగు మారిపోయింది. వదిన చెప్పింది ముమ్మాటికీ సరైనదే. అయినా నాకు భయం వేసింది. పెళ్ళికూతురు కూర్చునే కుర్చీలో ముందు ఆవిడ కూర్చుందని ఒక్కరికి తెలిసినా మా స్టూడియో గడప ఎవరూ తొక్కరు. ఆవిణ్ణి ఎంతెంత మాటలంటారో అదింకా భయం. "ఎవరైనా చూస్తే?" అన్నాను.

"కుర్చీ వెళ్ళి చెబుతుందా?" అంది.

మర్నాడు పొద్దున ఆవిడ తల దువ్వుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. అన్నయ్య పోయాక ఆవిడ ముందుగదిలో కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నడుం నిటారుగా, చెవులు వీధివైపు పెట్టి కూర్చుంది. నేను మీటరు ఆవిడ బుగ్గ దగ్గరికి తీసుకెళ్ళి, ముల్లు చూసుకుని వెనక్కి తీశాను. "కొంచెం నవ్వండి వదినా," అన్నాను, నా భయం పోవడానికి.

"ముల్లుకి నవ్వుతో పనేమిటి? అయిందా?"

అయిందని చెప్పబోతే, గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. వాళ్ళు ముందు బండికే వచ్చేశారు.

వదిన లేచింది. ఎటూ పరిగెత్తలేదు. ముసలావిడ ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసింది, కుర్చీని చూసింది, నా చేతిలో మీటరు చూసింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ కుర్చీలో ఏం పని?"

"మా వదినండీ," అన్నాను.

వదినే చెప్పింది. "మీ మనవరాలి మొహం దగ్గరికి ఈ అబ్బాయిని రానివ్వరు కదండీ మీరు. దూరంనుంచి చూస్తే పిల్ల నల్లగా వస్తోంది. మా ఇద్దరి చాయా ఒకటేనని నా మొహం మీద కొలిచాడు. మీకు కిట్టకపోతే మానెయ్యండి. తప్పు నాది, అబ్బాయిది కాదు."

వెనకనుంచి తండ్రి వచ్చాడు. ఆయన మొహం పాలిపోయింది. ముసలావిడ కొంగు నడుముకి దోపుకుంది. తర్వాత, "పసుపు ఉందా ఇంట్లో?" అని అడిగింది. మా ఆవిడ చెంబుతో పసుపునీళ్ళు తెచ్చింది. ముసలావిడ కుర్చీ మీద, దాని చేతుల మీద, వీపు మీద, కాళ్ళ మీద శుభ్రంగా చల్లింది. అప్పటికే వదిన పెరట్లోకి వెళ్ళిపోయింది. కుర్చీ కడగడం అయ్యాక ముసలావిడ నావైపు తిరిగి, "లెక్క చూశావు కదా? మళ్ళీ చూడక్కర్లేదు కదా? మరి తియ్యి," అంది.

పిల్ల తడి కుర్చీలోనే కూర్చుంది. ఫోటోలో తడి కనపడదు. పిల్ల మొహం మాత్రం ఉన్నది ఉన్నట్టు, కళ్ళలో ఉన్న ఆ కాస్త దిగులుతో సహా వచ్చింది. గుడివాడవాళ్ళు ఒప్పుకున్నారు. ప్రింటు ఆరేస్తూ వదిన దాన్ని చాలాసేపు చూసింది. "కుర్చీకి స్నానం చేయించారు, నయం. నాకు చేయించలేదు," అని నవ్వింది. కుర్చీ కడుగుతుంటే వద్దనాల్సినవాణ్ణి నేనే. ఆ మాట అప్పుడు పైకి అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మాట ఊళ్ళోకి పాకింది. ఇంక దుకాణం మూసుకోవడమే అనుకున్నాను. కొందరు వేరే స్టూడియోలకి వెళ్ళిన మాట నిజం. కానీ మంగళగిరివాళ్ళూ, కొండపల్లివాళ్ళూ వచ్చారు, గన్నవరం రైతులూ వచ్చారు. "ఫలానావారి అమ్మాయికి తీసినట్టు తీయండి," అనేవారు. ఇంకో సంగతి మొదలైంది. ఆడపిల్లని తీసుకుని గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "మీ పని కానివ్వండి, మేం సోడా తాగి వస్తాం," అనేవారు. ఎదుటివైపు సోడాకొట్టు ఉంది. కుటుంబమంతా వెళ్ళి అక్కడ మావైపు వీపు పెట్టి నిలబడేవారు. ఎండాకాలమే కాదు, మంచు కురిసే మార్గశిరంలో కూడా సోడా తాగేవారు. ఈలోగా వదిన వచ్చి కూర్చునేది. నేను చూసుకునేవాణ్ణి. "అయిందా?" అని లేచి వెళ్ళిపోయేది. నేను గుమ్మంలోకి వెళ్ళి పిలిచేవాణ్ణి. వాళ్ళు వచ్చేవారు, వాళ్ళలో ఎవరో పెద్దావిడ ముందే తెచ్చుకున్న చెంబులోంచి కుర్చీ మీద నాలుగు చుక్కలు చల్లేది. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నేనూ చెప్పేవాణ్ణి కాదు.

"అందరికీ తెలుసు కదా వదినా, మరి ఈ నాటకమెందుకు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"తెలియనట్టుండడం కూడా మర్యాదే అబ్బాయీ. వాళ్ళకి పిల్ల పెళ్ళి కావాలి, మనకి పూట గడవాలి. సోడావాడు కూడా బతుకుతున్నాడు," అంది.

ఆవిడ దాన్ని అంత తేలిగ్గా తీసుకుందా అంటే, తీసుకోలేదు. కూర్చున్న రోజున ఆవిడ అన్నం సరిగ్గా తినేది కాదని మా ఆవిడ చెప్పేది. యుద్ధం అయిపోయి ఫిల్ము దొరకడం మొదలయ్యాక, ఆవిడకి ఒక ఫోటో తీస్తానని నేను ఎన్నోసార్లు బతిమాలాను. ఒప్పుకోలేదు. "ఆ కుర్చీలో నేను ఫోటోకి కూర్చోను. కొలతకే కూర్చుంటాను," అంది. ఇంకో కుర్చీ తెస్తానన్నా వినలేదు. పట్టుదలలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు.

కర్మలన్నీ అయ్యాక స్టూడియో తెరిచాను. మాఘం వచ్చింది. మొన్న పొద్దున మంచు ఇంకా విడవకముందే ఒక కుటుంబం జట్కాలో దిగింది. నేత ఇల్లే. పెళ్ళీడు పిల్లా, తల్లీ తండ్రీ, చేతిలో చెంబు పట్టుకున్న ఒక ముసలావిడా. తండ్రి గుమ్మంలో నిలబడి, "మీ పని కానివ్వండి బాబూ, మేం సోడా తాగి వస్తాం," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే రోడ్డు దాటేశారు.

మీటరు చేతిలో పట్టుకుని కుర్చీ ముందు నిలబడ్డాను. చాలా ఏళ్ళ అలవాటు, తలుపువైపు చూశాను. అక్కడెవరూ లేరు. అవతల వాళ్ళు వీపులు తిప్పుకుని, ఆ చలిలో, చల్లటి సోడాలు పట్టుకుని నా పిలుపు కోసం నిలబడి ఉన్నారు. నేనే రోడ్డు దాటి వెళ్ళాను.

"ఆవిడ లేరండీ. పోయారు," అన్నాను.

ఎవరని వాళ్ళు అడగలేదు. ముసలావిడ సోడా బల్ల మీద పెట్టేసింది. "అయ్యో తల్లీ," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నిజంగానే ఒత్తుకుంది. కాసేపటికి తేరుకుని, "అయితే మా పిల్ల మొహం మీదే చూసుకో నాయనా. దగ్గరికి వెళ్ళి చూసుకో. నువ్వేమైనా పరాయివాడివా?" అంది.

అంతే. అంత చిన్న మాట. అది ఇన్నాళ్ళూ ఎవరి నోటా రాలేదు. ఎవరినీ తిట్టే ఓపిక నాకు లేదు, ముసలావిణ్ణి అసలే తిట్టలేను.

పిల్ల వచ్చి కుర్చీలో కూర్చుంది. పసుపునీళ్ళు ఎవరూ చల్లలేదు. నేను మీటరు ఆమె మొహానికి జానెడు దూరంలో పట్టుకున్నాను. భయపడి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ చలికి మీటరు అద్దం మీద సన్నగా ఆవిరి పట్టింది. ఇలా ఎప్పుడూ కాలేదే అనుకుంటూ పంచె కొసతో తుడుస్తుంటే అప్పుడు తెలిసింది. మా వదిన అక్కడ కూర్చున్నన్ని సార్లూ, నేను మీటరు వెనక్కి తీసేదాకా, ఊపిరి బిగబట్టే కూర్చుంది.